సెట్‌బ్యాక్‌లో ఇక షెడ్డు వేయము: మా పాత గిరాకీలకు ఒక వివరణ

మా వర్క్‌షాపులో తయారై, హన్మకొండలో ఒక ఇంటి వెనుక నిలబెట్టిన రేకుల షెడ్డును అధికారులు తొలగించిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే చేరింది. చేరిన తీరు మాత్రం సరిగ్గా లేదు. గాలికి లేచిపోయిందని కొందరు, పైపులు పలుచనివి వాడామని కొందరు, బిల్లు తగాదా వచ్చి మేమే విప్పుకుపోయామని మరికొందరు చెప్పుకుంటున్నారు. ఆ షెడ్డు పడిపోలేదు, కోసి తీశారు. స్తంభాలను బేస్ ప్లేట్ల దగ్గర గ్యాస్ కట్టర్‌తో కోయడానికి పొద్దంతా పట్టింది. ప్లేట్లు ఈనాటికీ కాంక్రీటులోనే బిగుసుకుని ఉన్నాయి, అనుమానం ఉన్నవారిని ఆ ఇంటివారి అనుమతితో నేనే వెంటబెట్టుకుని వెళ్లి చూపిస్తాను. తీసివేతకు కారణం మా పనితనం కాదు, షెడ్డు నిలబడిన చోటు.

అది 200 గజాల ప్లాటు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. మన దగ్గర అమలులో ఉన్న 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, అంటే అందరూ జీవో 168 అని పిలిచే దాని ప్రకారం, 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో ఇల్లు కట్టేవారు, ముందున్న రోడ్డు 40 అడుగుల లోపుదైతే ముందు కనీసం మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. ఈ ఖాళీనే సెట్‌బ్యాక్ అంటారు. రోడ్డు విస్తరణలో పోయే జాగా ఏదైనా ఉంటే దాన్ని తీసేసిన తరువాతే ఈ కొలత మొదలవుతుంది. ఆ ఇంటివారు పర్మిషన్ ఉందని మాతో చెప్పారు, అది నిజమే. అయితే పర్మిషన్ ఇంటికి ఉంది, మంజూరైన ప్లాన్‌లో షెడ్డు లేదు. వెనుక వదిలిన మీటరును కూడా కలుపుకుని ప్రహరీ దాకా రేకు దించమన్నారు, వానాకాలంలో ఆ నీళ్లు పక్కింటి గోడకు కొట్టాయి, పక్కవారు ఫిర్యాదు చేశారు.

రేకులకు పర్మిషన్ అక్కర లేదనే మాట మా దుకాణంలో రోజూ వినిపిస్తుంది. మున్సిపల్ చట్టం భవనానికి ఇచ్చిన నిర్వచనంలో షెడ్డు, గుడిసె, ఔట్‌హౌస్ అన్నీ ఉన్నాయి. ఇటుకతో కట్టారా, ఇనుముతో కట్టారా అన్న తేడా చట్టం చూడదు. వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగిస్తే అది తాత్కాలికం కిందికి వస్తుందని కొందరు మేస్త్రీలు చెబుతున్నారు, అది కూడా సరికాదు. బోల్టులు విప్పుకోవడానికి పనికొస్తాయి గాని పర్మిషన్‌కు బదులు కావు.

ఇంకొక అపోహ 75 గజాలది. ఇళ్ల అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల వరకు, 7 మీటర్ల ఎత్తు వరకు అనుమతి లేకుండా ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలన్నది. ఆ 75 గజాలు ప్లాటు విస్తీర్ణం, షెడ్డు విస్తీర్ణం కాదు. 300 గజాల ప్లాటులో 70 గజాల షెడ్డు వేసుకోవచ్చని దానికి అర్థం తీసినవారు కూడా మా దగ్గరికి వచ్చారు, అందులో బాగా చదువుకున్నవారే ఎక్కువ. డాబా మీద గది సంగతి కూడా ఇంతే. మెట్ల పైకప్పును, నీళ్ల ట్యాంకును భవనం ఎత్తులో లెక్కించరు గాని, అనుమతి ఉన్న అంతస్తుల మీద నాలుగు వైపులా మూసి కిరాయికి ఇచ్చే రేకుల గది మరో అంతస్తే అవుతుంది. వరంగల్ నగరంలో కలిసిన 42 గ్రామాల వారు తమది పంచాయతీ జాగా అని ఇంకా అంటుంటారు. విలీనమైన నాటి నుంచి అక్కడా నగర నియమాలే నడుస్తున్నాయి.

నాలా పక్కన ఉన్నవారికి విడిగా చెప్పాలి. 10 మీటర్ల వరకు వెడల్పు ఉన్న నాలాకు 2 మీటర్లు, అంతకంటే వెడల్పైన దానికి 9 మీటర్లు, 10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల దూరం వదలాలి. ఏ కూల్చివేతకైనా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో చెప్పిన తరువాత చాలామందికి ధైర్యం వచ్చింది, కానీ రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు వంటి వాటిని ఆక్రమించిన కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. 2020 ఆగస్టు వరదల్లో మన నయీంనగర్ నాలా ఏం చేసిందో చూసిన ఊరిలో ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అందుచేత సెట్‌బ్యాక్‌లో గాని, నాలా హద్దులో గాని, ప్లాన్‌లో లేకుండా డాబా మీద గాని ఇక మేము షెడ్డు వేయము. ఈ మాట రాయడం తేలికే గాని, ఈ నిర్ణయం దగ్గర నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. పక్క సందులో బండ్ల షెడ్డు, వెనుక వాషింగ్ మెషిన్ షెడ్డు, ముందు గేటు దాకా నీడ రేకు, ఇవే మా దుకాణాన్ని నడిపిన పనులు. వద్దంటే మా దగ్గరున్న వెల్డర్లకు నెలలో సగం రోజులు పని ఉండదని తెలుసు. మేము కాదంటే పక్క దుకాణం వేస్తుందని, షెడ్డు అక్కడ లేవకుండా ఉండదని కూడా తెలుసు. నిజానికి నన్ను ఎక్కువగా ఆపింది ఆ లెక్కే: ఎలాగూ లేచేదైతే మంచి పైపుతో మేమే వేస్తే నష్టమేమిటని చాలాసార్లు అనుకున్నాను.

ఆ ఊగిసలాటలో ఉన్నప్పుడే, తన ఇంటి గేటు నుంచి కిటికీ గ్రిల్లు దాకా మాతోనే చేయించుకున్న ఒక పెద్దమనిషి, బిడ్డ పెళ్లికి వంటలకు అక్కరకొస్తుందని పక్క సందులో రేకు వేయమని వచ్చారు. ఆయనను నేను అన్నా అనే పిలుస్తాను. “మా జాగల మేం ఏసుకుంటే ఎవలకేం నొప్పి తమ్మీ?” అన్నారు. జాగా మీదే అన్నా, కానీ మీటరు వదులుతామని ప్లాన్ మీద సంతకం పెట్టింది కూడా మీరే కదా అన్నాను. పెళ్లి మూడు రోజులే గనుక టెంటు వేయించుకోమని, కావాలంటే పైపులు నేనే ఊరికే ఇస్తానని చెప్పాను. ఆయన పైపులు తీసుకోలేదు, పెళ్లికి పిలిచారు గాని పలకరించలేదు. ఆ సందులో ఇప్పుడు వేరొకరు వేసిన షెడ్డు ఉంది, దాని పర్లిన్లు, అంటే రేకులను మోసే అడ్డ పైపులు, ఆరడుగుల ఎడంతో వేశారు, నడుమ రేకు అప్పుడే కుంగింది. చూసి ఊరుకోవడం నాకు చాతకావడం లేదు, అయినా మాట మార్చుకోను.

ఇక పని సంగతి. కోతుల జాలీలు, గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు ఎప్పటిలాగే చేస్తాము, ధరలో మార్పు లేదు. షెడ్డు కావాలనుకునే వారు మంజూరైన ప్లాన్ నకలు తీసుకుని రండి, అది చూశాకే కొలతలకు మనిషిని పంపుతాను. సెట్‌బ్యాక్‌లు పోను లోపల జాగా మిగిలితే, లైసెన్సు ఉన్న ఇంజినీరుతో సవరణ ప్లాన్ గీయించి అనుమతి తెచ్చుకోవచ్చు. ఆయన ఫీజు ఆయనకే నేరుగా ఇవ్వండి, అందులో మాకు వాటా లేదు. అటువంటి షెడ్లను ఇకపై బోల్టుల మీదనే నిలబెడతాము, రేపు ఇల్లు పెంచుకున్నా రేకులు, ట్రస్సులు చెడకుండా విప్పి వేరే చోట పెట్టుకోవచ్చు. వాన నీళ్లు పక్కవారి వైపు పడకుండా గటారును, కింది పైపును బిల్లులోనే కలుపుతాము, అవి వద్దనేవారికి షెడ్డు వేయము.

షెడ్డు పోగొట్టుకున్న ఇంటివారికి డబ్బు తిరిగి ఇవ్వలేదని నా మీద నింద ఉంది. ఇవ్వను, ఎందుకంటే మేము అమ్మినది ఇనుము, పని, అవి రెండూ సక్కగా ఉన్నాయి. కానీ కోయగా మిగిలిన పైపులను, రేకులను మా బండి మీద తెచ్చి దుకాణంలో భద్రపరిచాము, వారికి అనుమతి వచ్చిన రోజున కూలీ తీసుకోకుండా తిరిగి నిలబెడతాము. అడ్వాన్సు ఇచ్చి ఉండి, ప్లాన్ చూపలేని వారు రసీదుతో వస్తే మొత్తం వాపసు ఇస్తాము, ఇప్పటికే కోసిన పైపుల ఖర్చు కూడా పట్టుకోము.