లండన్ అధిష్ఠానం, గ్లాస్గో ఓటు

గ్లాస్గో,
14 జూలై 2024

బాబాయికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. పిన్ని మోకాళ్ల నొప్పులకు కొత్త మందు మొదలుపెట్టిందని అమ్మ చెప్పింది. గుణం కనిపించిందో లేదో రాయి.

"పదేళ్ల కింద నామరూపాల్లేకుండా పోయిన లేబర్ పార్టీ స్కాట్లాండులో మళ్లీ ఎలా గెలిచింది?" అని ఫోన్లో అడిగావు. నలభై ఏళ్లుగా కాంగ్రెస్ జెండా మోస్తున్నవాడివి, నీకు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు.

స్కాట్లాండులో లేబర్ విడి పార్టీ కాదు, లండన్‌లోని పెద్ద పార్టీకి ఇక్కడి శాఖ. మన పీసీసీ అనుకో. కానీ వేళ్లు మాత్రం ఇక్కడివే. చిన్నప్పటి నుంచే బొగ్గు గనిలో పనిచేసిన కీర్ హార్డీ 1888లో మిడ్ లానార్క్ ఉప ఎన్నికలో నిలబడి ఓడిపోయాడు, అదే ఏడాది స్కాటిష్ లేబర్ పార్టీ పెట్టాడు. 1922కల్లా గ్లాస్గోలోని 15 సీట్లలో 10 లేబర్‌వే. ఓడలు కట్టే యార్డుల్లో, గనుల్లో, ఉక్కు మిల్లుల్లో పనిచేసే కుటుంబాలకు ఆ పార్టీకి ఓటెయ్యడం ఇంటి ఆచారం అయిపోయింది. 1997లో ఇక్కడి 72 ఎంపీ సీట్లలో 56 లేబర్ గెలిచింది. లండన్‌లో దాని ప్రధాన ప్రత్యర్థి అయిన కన్జర్వేటివ్‌లకు ఒక్కటీ రాలేదు.

ఎడిన్‌బరోలో స్కాట్లాండుకు సొంత పార్లమెంటు తెచ్చింది కూడా లేబరే. దాని కోసం ఎక్కువ పాటుపడ్డవాడు డొనాల్డ్ డ్యూయర్. బుకానన్ వీధి చివర కచేరీ హాలు ముందు ఆయన విగ్రహం ఉంది. కళ్లజోడును ఆకతాయిలు పదే పదే పాడుచేస్తుంటే విగ్రహాన్ని ఎత్తైన దిమ్మె మీదికి ఎక్కించారు. 1999లో 129 సీట్లలో 56 గెలిచి మొదటి ఫస్ట్ మినిస్టర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయ్యాడు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2000 అక్టోబరులో చనిపోయాడు. ఆయన పోవడమే ఈ శాఖకు తగిలిన మొదటి పెద్ద దెబ్బని నా నమ్మకం. ఎందుకంటే గోర్డన్ బ్రౌన్, అలిస్టర్ డార్లింగ్ లాంటి ఉద్దండులంతా లండన్ పార్లమెంటులోనే ఉండిపోయారు. ఎడిన్‌బరోకి రావడానికి సిద్ధపడ్డ పెద్ద నాయకుడు డ్యూయర్ ఒక్కడే.

ఆయన తర్వాత హెన్రీ మెక్‌లీష్ ఆఫీసు ఖర్చుల గొడవలో ఏడాదికే దిగిపోయాడు. జాక్ మెక్‌కానెల్ 2007 దాకా లాక్కొచ్చాడు. 2003లో 50 సీట్లు, 2007లో 46. స్కాట్లాండు స్వతంత్రం కావాలనే స్కాటిష్ నేషనల్ పార్టీకి, అంటే ఎస్ఎన్‌పీకి, 47. ఒక్క సీటుతో అధికారం చేజారింది. 2011లో 37కి పడిపోయింది, ఎస్ఎన్‌పీ 69కి ఎగబాకింది. ఇంకో విచిత్రం విను. 2011 దాకా ఇక్కడి నాయకుడు ఎడిన్‌బరోలోని సభ్యులకు మాత్రమే నాయకుడు. స్కాట్లాండులోని మొత్తం పార్టీ మీద అతనికి పెత్తనం లేదు. అంత దెబ్బ తిన్నాకగానీ ఆ నియమం మార్చలేదు.

అసలు కథ 2014ది. బ్రిటన్ నుంచి స్వతంత్రం కావాలా వద్దా అని ఆ సెప్టెంబరు 18న ఓటింగు పెట్టారు. వద్దు అనడానికి లేబర్, కన్జర్వేటివ్‌లు ఒకే వేదిక ఎక్కారు. 55 శాతంతో గెలిచారు కూడా. కానీ గ్లాస్గోలో మాత్రం కావాలన్నవాళ్లే ఎక్కువ, 53 శాతం పైన. నెల తిరిగేసరికి శాఖ నాయకురాలు జోహాన్ లామాంట్ రాజీనామా చేసింది. లండన్‌వాళ్లు మమ్మల్ని బ్రాంచి ఆఫీసులా చూస్తున్నారని బాహాటంగా అనేసింది. ఆ మాట ప్రత్యర్థి అంటే జనం మర్చిపోయేవారేమో. సొంత నాయకురాలే అన్నాక ఇంకెవరు మరుస్తారు? మరుసటి ఏడాది మే నెలలో లేబర్ ఎంపీలు 41 నుంచి ఒక్కడికి పడిపోయారు. 59లో 56 ఎస్ఎన్‌పీవి. పెయిస్లీలో డగ్లస్ అలెగ్జాండర్ లాంటి మాజీ మంత్రిని మైరీ బ్లాక్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి ఓడించింది.

మా కింది వాటాలో ఒక పెద్దామె ఉంటుంది. వాళ్ల నాన్న క్లైడ్ నది ఒడ్డున యార్డులో వెల్డరు. ప్రతి ఎన్నికకూ మా వీధి మెట్లన్నీ ఎక్కి దిగి లేబర్ కరపత్రాలు పంచేది. 2015లో ఆమె పంచలేదు. పార్టీ మారలేదు, ఎస్ఎన్‌పీకి వెయ్యలేదు, ఊరికే ఇంట్లో కూర్చుంది. "నన్నెవరూ ఏమీ అడగలేదు, చెప్పమన్నది చెప్పమన్నారు" అంది నాతో. ఆ మాట వింటుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. అదే 2014లో రాష్ట్ర విభజన విషయంలో మీ ముఖ్యమంత్రి వద్దన్నా ఢిల్లీ వినలేదు. ఆ ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిన్నది మాత్రం నీలాంటివాళ్లు.

ఆ తర్వాత నాయకులు మారుతూనే ఉన్నారు, ఫలితం మారలేదు. 2016లో ఎడిన్‌బరోలో 24 సీట్లతో మూడో స్థానం. 2019లో మళ్లీ ఒక్క ఎంపీ. 2021 ఫిబ్రవరిలో అనస్ సర్వర్ వచ్చాడు. పెయిస్లీలో పళ్ల డాక్టరుగా చేసినవాడు. వాళ్ల నాన్న మొహమ్మద్ సర్వర్ 1997లో ఇక్కడి గోవన్ నుంచి గెలిచి బ్రిటన్‌లో మొదటి ముస్లిం ఎంపీ అయ్యాడు. కొడుకు వచ్చిన కొన్ని వారాలకే ఎన్నికలు, 22 సీట్లే వచ్చాయి, అప్పటిదాకా అదే అతి తక్కువ. అయినా అతన్ని దింపలేదు. నిలబడనిచ్చారు. నా లెక్కలో అదే మొదటి మంచి పని.

2023లో ఎస్ఎన్‌పీ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ దిగిపోయింది. తర్వాత వచ్చిన హమ్జా యూసఫ్ ఏడాది పైచిలుకు ఉన్నాడు. లండన్‌లో కన్జర్వేటివ్‌ల మీద జనానికి విసుగు పుట్టింది. ఈ నెల 4న మా వీధిలో ఓటేసినవాళ్లలో నాకు కనిపించింది కూడా అదే, వీళ్లను పంపించేద్దాం అన్న పట్టుదల. కామన్వెల్త్ పౌరులం కాబట్టి మాకూ ఓటుంది. బడి హాల్లో పాస్‌పోర్టు చూపించి, దారానికి కట్టిన పెన్సిలుతో గుర్తు పెట్టి వచ్చాను. మన సిరా చుక్క లేదు. తెల్లారేసరికి ఇక్కడి 57 ఎంపీ సీట్లలో 37 లేబర్‌వి, గ్లాస్గోలోని ఆరుకు ఆరూ. ఎస్ఎన్‌పీకి తొమ్మిదే. పెయిస్లీలో ఓడిన డగ్లస్ అలెగ్జాండర్ ఈసారి ఈస్ట్ లోథియన్ వైపు నుంచి తిరిగొచ్చాడు.

అయితే 35 శాతం ఓట్లతో వచ్చిన గెలుపు ఇది. ప్రేమ తిరిగొచ్చిందని నేననను. ఒక సంగతి మీద నా కళ్లున్నాయి. పేద కుటుంబాలకిచ్చే సాయంలో 2017 నుంచి మూడో బిడ్డకు డబ్బు రాదు. ఆ నియమం తీసెయ్యాలని ఇక్కడి శాఖ అంటోంది. ఇప్పుడు కుదరదని లండన్ అంటోంది. గెలిచిన 37 మందీ ఎవరి మాట పలుకుతారో గ్లాస్గో జనం చూస్తున్నారు. 2026లో ఎడిన్‌బరో ఎన్నికలు.

ఈసారి కూడా నువ్వు బూత్ ఏజెంటుగా కూర్చున్నావని అమ్మ చెప్పింది. 175లో వరసగా మూడోసారి ఒక్కటీ రాలేదని తెలిసి చాలాసేపు మనసు బాగోలేదు. షర్మిల వచ్చాక నీలాంటి పాతవాళ్లను పిలిచి ఎవరైనా మాట్లాడారా? మన మండలంలో ఇంకా ఎందరు మిగిలారు, మీ మాట విజయవాడ దాటి పైకి పోతోందా? అన్నీ రాయి. తమ్ముడికి, మరదలికి అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి