నా ఫిర్యాదు పరిష్కారమైందని మీకు ఎవరు చెప్పారు?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో మొక్కలకు పట్టిన నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) గురించి నేను ఇచ్చిన ఫిర్యాదును నాతో మాట్లాడకుండానే మూసేయడం.

అయ్యా,

"మీ ఫిర్యాదును విజయవంతంగా పరిష్కరించాం" అని నిన్న రాత్రి మీ నర్సరీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని కిందనే అడిగారు. ఏం పరిష్కరించారు? ఎవరు పరిష్కరించారు? మా హాల్లో అరెకా పామ్ మొక్క ఆకులు ఇంకా పాలిపోయే ఉన్నాయి. ఆకుల ఈనెల మధ్య సన్నటి గూళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. "ఇప్పుడెలా ఉందమ్మా" అని మీవాళ్లలో ఒక్కరు ఫోన్ చేసి అడిగిన పాపాన పోలేదు. అడగకుండానే మూసేశారు.

మొక్కకు తెగులు రావడం మీ తప్పని నేను ఏనాడూ అనలేదు. హైదరాబాద్ ఎండల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు నల్లి ఎవరింటి మొక్కలకైనా వస్తుంది. అయితే మొక్కల సంరక్షణకు ఏడాది ప్లాన్ అని ముందే డబ్బు కట్టించుకుని, "మొక్కకు ఏం వచ్చినా ఒక్క కాల్ చేస్తే చాలు" అని చెప్పింది మీరే. ఆ కాల్ ఎత్తినవాళ్లు చెప్పేది వినాలా వద్దా?

మీ కాల్ సెంటర్ సంగతి మీ పై అధికారులకు తెలియదేమోనని వివరంగా రాస్తున్నాను. తెలుగు కోసం నొక్కమన్న నంబరే నొక్కాను. చాలాసేపు పాట వినిపించాక ఒకాయన ఎత్తి హిందీలో మొదలుపెట్టాడు. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్నే కాబట్టి హిందీలోనే చెప్పాను. తెలుగు తప్ప మరో భాష రాని మా అత్తగారి లాంటివాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల గతేమిటి? ఆకుల మీద తెల్లటి చుక్కలు పడ్డాయని, ఆకు అడుగున గూడు కట్టిందని, తెల్లకాగితం మీద ఆకును దులిపితే చుక్కంత పురుగులు పడి పాకుతున్నాయని చెప్పాను. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "మేడమ్, నీళ్లు ఎక్కువ పోస్తున్నారా?" నీళ్లు తగ్గించమని చెప్పి పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తిన అమ్మాయి నీళ్లు పెంచమంది.

ఇంగ్లిష్‌లో చెప్తేనైనా అర్థమవుతుందేమోనని ఇంకోసారి నల్లికి ఇంగ్లిష్ పేరు 'స్పైడర్ మైట్స్' అన్నాను. "స్పైడరేనా మేడమ్? చీపురుతో బూజు దులిపేయండి, మొక్కకేం కాదు" అన్నారు! మీ యాప్‌లో ఉన్న చాట్‌కి అదే మాట రాస్తే, స్పైడర్ ప్లాంట్ అనే వేరే మొక్క కొనుక్కోమని లింక్ పంపింది. మనిషితో మాట్లాడాలి అని రాస్తే మళ్లీ అదే లింక్. ఫోటో పెట్టమంటే పెట్టాను. "ఫోటో స్పష్టంగా లేదు" అని తిప్పి పంపారు. ఆ పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఫోన్ కెమెరాలో ఎంత స్పష్టంగా పడుతుంది?

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త ఫిర్యాదు నంబరు ఇస్తారు. పాత నంబరు చెప్తే "అది క్లోజ్ అయిపోయింది మేడమ్" అంటారు. మళ్లీ మొదటి నుంచి అదే కథ చెప్పాలి. "సీనియర్ టీమ్‌కి పంపాం, వాళ్లే కాల్ చేస్తారు" అంటారు. ఆ సీనియర్ టీమ్ ఎవరో, ఎక్కడ కూర్చుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాల్ వస్తుందేమోనని స్నానానికి వెళ్లినా ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. అరవై దాటిన మనిషిని ఇలా తిప్పుకోవడం న్యాయమేనా?

చివరికి ఒక అబ్బాయిని పంపారు. ఆ పిల్లవాడిని నేను తప్పు పట్టను, ఎండలో బండి మీద వచ్చాడు, మజ్జిగ ఇస్తే తాగి దండం పెట్టి వెళ్లాడు. అతనికి పని నేర్పకుండా పంపిన మీదే తప్పు. తలుపులు, కిటికీలు మూసి ఉన్న హాల్లోనే మందు కొట్టేశాడు. అదీ ఆకుల పైన. నల్లి ఉండేది ఆకు అడుగున అని నేనే ఆకు తిప్పి చూపించాల్సి వచ్చింది. ఏం మందు బాబూ అని అడిగితే "కంపెనీ మందు మేడమ్" అన్నాడు. సీసా మీద లేబుల్ లేదు. మందు పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, విషం స్థాయి చెప్పే రంగు త్రిభుజం లేదు. మా ఇంట్లో రెండేళ్ల మనవరాలు ఉంది, కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ మందు పేరేమిటో చెప్పమని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ ప్రకారం పురుగుమందు డబ్బా మీద ఆ వివరాలన్నీ ఉండాలి. మీవాళ్లేమో "బ్యాకెండ్ టీమ్‌ని అడిగి చెప్తాం" అంటారు. ఒక మందు పేరు చెప్పడానికి ఇంత టెన్షన్ పెట్టాలా?

ఇక భరించలేక, అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ఫోన్‌లోనే అంతా విడమరిచి చెప్పాడు. నల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలెపురుగు జాతిది, అందుకే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మామూలు పురుగుమందులకు చావదు అన్నాడు. పైగా కొన్ని మందులు నల్లిని తినే మంచి పురుగులను చంపేసి, నల్లిని ఇంకా పెంచుతాయట. తెగులు పట్టిన కుండీలను మిగతావాటికి దూరంగా పెట్టమన్నాడు. బాత్‌రూమ్‌లో ఆకుల అడుగు భాగాన్ని నీళ్ల ధారతో బాగా కడగమన్నాడు. ఆ తర్వాత లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టమన్నాడు. ఈ వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం చాలు, గుడ్లు ఒక్కసారికి చావవు, కాబట్టి ఐదారు రోజులకోసారి మళ్లీ మళ్లీ చేయాలన్నాడు. క్రోటన్లు, మనీప్లాంట్ అలాగే తేరుకున్నాయి. హాల్లోంచి కదపలేనంత పెద్దదైన అరెకా పామ్ మాత్రం ఇంకా అలాగే ఉంది. ఈ నాలుగు మాటలు చెప్పగలిగినవాళ్లు మీ కంపెనీలో ఒక్కరు లేరా? ఉంటే నా కాల్ వాళ్ల దాకా ఎందుకు పోలేదు?

మీరు ఒక చిన్న నర్సరీ షెడ్డుగా ఉన్నప్పటి నుంచి మీ దగ్గరే కొంటున్నాను. మా అమ్మాయి గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ రిటర్న్ గిఫ్టుగా ఇచ్చిన తులసి, స్నేక్ ప్లాంట్ కుండీలు మీవే. మా మల్కాజిగిరి కాలనీలో మీ ప్లాన్ తీసుకున్నవాళ్లలో చాలామంది నా మాట మీద తీసుకున్నవాళ్లే. అప్పట్లో మీ ఓనరు గారు స్వయంగా వచ్చి మట్టి కలిపి చూపించేవారు, ఎరువు ఎంత వేయాలో నా నోట్‌బుక్‌లో రాసి ఇచ్చేవారు. ఇప్పుడు ఆయన పేరు చెప్తే మీ కాల్ సెంటర్‌లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల మనుషులకు ఇదా మర్యాద?

నా డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సీసాలో ఏం మందుందో నాకు రాతపూర్వకంగా చెప్పండి. మూసేసిన ఫిర్యాదు తెరవండి. మొక్కల గురించి తెలిసిన మనిషితో ఒక్కసారి మాట్లాడించండి. ప్లాన్‌లో మిగిలిన కాలానికి డబ్బు తిరిగిస్తారో, ఏం చేస్తారో మీరే చెప్పాలి.

మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతారు కాబట్టి 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ మీకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందిందని గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మీ వెబ్‌సైట్‌లో ఆ ఆఫీసర్ పేరు ఎంత వెతికినా కనిపించలేదు. ఈ ఉత్తరానికి కూడా జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, నేను ఉండే చోటే వేయొచ్చు. లేబుల్ లేని సీసా ఫోటో, మీ మెసేజ్‌లు, ఫిర్యాదు నంబర్లు అన్నీ దాచి ఉంచాను. ఈ ఆదివారం కాలనీ అసోసియేషన్ మీటింగ్‌లో ఇదంతా చెప్పబోతున్నాను. మీ ప్లాన్ తీసుకోమని చెప్పిన నోటితోనే చెప్తాను.

ఫోన్ చేసేవాళ్లు తెలుగు మాట్లాడేవాళ్లై ఉండాలి. చేసేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదివి ఉండాలి. నీళ్లు ఎంత పోస్తున్నారని మాత్రం మళ్లీ అడగొద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
మల్కాజిగిరి, హైదరాబాద్