పిల్లోణ్ని తిట్టొద్దు తల్లీ

అనంతపురం

చి.ల.సౌ. అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

డాక్టరు పిల్లోడి బరువు ఎక్కువుందని చెప్పినప్పటి నుంచి నువ్వు నిన్ను తిట్టుకుంటున్నావు, వాణ్నీ తిడుతున్నావు. రెండూ వద్దు. వాణ్ని తిండిపోతు అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడు.

కర్నూలు వచ్చినప్పుడు వాణ్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లాను కదా. గేటు దాటగానే అంగడి, దాని ముందు చిప్స్ ప్యాకెట్లు సరిగ్గా వాడి కళ్ల ఎత్తుకు వేలాడుతున్నాయి. ఐదుకొకటి, పదికొకటి. పక్కనే రంగురంగుల సీసాలు. ఆకలి మీదున్న పిల్లోడు అక్కడ ఆగకుండా ఎట్లా వస్తాడు?

దీనికి నిబంధన ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి క్యాంటీన్లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మకూడదని తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే చెప్పింది. మీది సీబీఎస్‌ఈ బడే కదా, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టమని 2025లో వాళ్లకు ఆదేశం కూడా వచ్చింది. ఎక్కడైనా కనబడిందా?

నేను అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ తక్కువ బరువు పిల్లల గురించే టెన్షన్. ఇప్పుడు ఒకే వీధిలో రెండు రకాల పిల్లలూ ఉన్నారు. సర్కారు బడిలో మధ్యాహ్నం గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తుంటే, వేలకు వేలు ఫీజు కట్టే నీ కొడుక్కి క్యాంటీన్లో పఫ్, కూల్ డ్రింక్!

బ్రిటన్‌లో 2018లో చక్కెర డ్రింకుల మీద పన్ను వేశారు. చక్కెర ఎక్కువుంటే పన్నూ ఎక్కువ. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర తగ్గించుకున్నాయి. ఏ తల్లీ పిల్లోణ్ని తిట్టే పని లేకుండా సీసాలో చక్కెర తగ్గింది. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల ముందు నల్ల ముద్ర వేస్తున్నారు, చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. మన దగ్గర కూల్ డ్రింకుల మీద 40 శాతం జీఎస్టీ ఉంది, మంచిదే. కానీ 2025 సెప్టెంబరులో చాక్లెట్లు, బిస్కెట్లను 5 శాతానికి దించారు. అది మాత్రం నాకు మింగుడు పడలేదు.

పేరెంట్స్ మీటింగుకు ఒక్కదానివే పోకు, నలుగురు తల్లుల్ని వెంటబెట్టుకుని పో. క్యాంటీన్ మెనూ అడగండి, ఆటల పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తున్నారేమో అడగండి. అంగడామెతో మాత్రం గొడవ వద్దు, ఆమెకూ కడుపుంది. ఉడకబెట్టిన శెనక్కాయలు, జామకాయలు పెడితే రోజూ కొంటామని చెప్పండి, కొనండి కూడా.

మీటింగ్ ఏ రోజో చెబితే నేనూ వస్తాను. మీ నాయన పిల్లోణ్ని అడిగినట్టు చెప్పమన్నారు.

ఇట్లు,
మీ అమ్మ