కాంక్రీటు నడిమి వేడి: అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్‌లో ఎత్తైన భవనాలకు రెండు మూడు మీటర్ల మందంతో రాఫ్ట్ పునాదులు (భవనం కింద అంతటా పరిచే ఒకే కాంక్రీటు పలక) వేస్తున్నారు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి అంత మందంలోంచి త్వరగా బయటికి పోలేదు కనుక, పైపొర చల్లారుతున్నా నడిమి భాగం ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. రెంటికీ తేడా 20 డిగ్రీల సెల్సియస్ దాటితే పగుళ్ల భయం. నడిమి వేడి 70 డిగ్రీలు దాటితే ఏళ్ల తరువాత కాంక్రీటు ఉబ్బి చీలే ప్రమాదం. అందుకే కాంక్రీటు పోయకముందే ఉక్కు కమ్ముల మధ్య థర్మోకపుల్స్ (రెండు వేర్వేరు లోహపు తీగల మొనలు కలిపి వేడిని కొలిచే సెన్సర్లు) కడతారు.

కిందటి వేసవిలో నేను చూసిన ఒక సైటులో, పోసిన రెండో రోజు మధ్యాహ్నం నడిమి వేడి తగ్గినట్టూ, రాత్రికి మళ్లీ పెరిగినట్టూ చార్టు చూపింది. మీటరు లోతున ఉన్న కాంక్రీటుకు పగలూ రాత్రీ తెలియవు. వెతికితే తేలిందేమిటంటే, థర్మోకపుల్‌కు వాడే కె-టైపు తీగ, వేడిని చూపే మీటరు దాకా చాలక మామూలు రాగి తీగ అతికారు. ఆ అతుకు ఎండలో పడి ఉంది, మీటరేమో షెడ్డు నీడలో ఉంది. కె-టైపు తీగలో పుట్టే వోల్టేజి దాని రెండు కొసల వేడిలో తేడాను బట్టి ఉంటుంది, మీటరు ఆ తేడాకు తన దగ్గరి వేడిని కలిపి చూపుతుంది. ఇక్కడ ఆ తీగ అతుకు దగ్గరే ఆగిపోయింది. అతుకు 50 డిగ్రీల దగ్గర, మీటరు 32 దగ్గర ఉంటే, 72 డిగ్రీల కాంక్రీటు 54గా కనిపిస్తుంది. అతుకులన్నీ ఒకేచోట ఉన్నందున పైపొరకూ నడిమికీ తేడా మాత్రం సరిగానే వచ్చింది. దాంతో ఎవరికీ అనుమానం రాలేదు.

సెన్సరు మొనను నేరుగా నిలువు కమ్మికి ఆనించి బిగించడం మరో పొరపాటు. ఉక్కు కాంక్రీటు కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని మోస్తుంది కనుక మొన కమ్మికి తగలకుండా కాంక్రీటులోకి పొడుచుకుని ఉండాలి. తీగను కూడా కొంత దూరం అదే లోతులో అడ్డంగా నడిపించి, ఆపైనే పైకి తీయాలి. కాంక్రీటును కుదించే వైబ్రేటరు తగిలి సెన్సరు జరిగినా, తెగినా మళ్లీ తీసి బాగుచేసే వీలుండదు కాబట్టి ప్రతి చోటా రెండేసి పెట్టడం మేలు.

తనిఖీ చేసే కన్సల్టెంట్లు చార్టుతో పాటు ప్రతి సెన్సరు లోతు గుర్తించిన పటాన్నీ, బిగించే ముందు అదే పొడవాటి తీగతో నలగ్గొట్టిన ఐసులో ముంచి సున్నా చూపిందో లేదో రాసిన కాగితాన్నీ అడిగేలా ఒప్పందాల్లో షరతు పెట్టాలని నా మనవి. మరిగే నీటితో సరిచూసేవారు మాత్రం, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్లో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుందని గుర్తుంచుకోవాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సైట్ ఇంజినీరు,
హైదరాబాద్