పాత స్పోర్ట్స్ కార్లకు స్ప్రింగుల ఎంపిక: మీ వ్యాసంపై ఒక అభ్యంతరం

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక వాహనాల పేజీలో పాత స్పోర్ట్స్ కార్ల సస్పెన్షన్ గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. తెలుగులో అరుదుగా కనిపించే ఇలాంటి విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే మలుపులో కారు పక్కకు ఒరగకూడదంటే దొరికినవాటిలో అన్నిటికన్నా లావుపాటి స్వే బార్లు (ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలుపుతూ ఒరుగును అడ్డుకునే ఉక్కు కడ్డీలు), అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు వేయించుకోవాలన్న సలహా దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ సలహానే నమ్మి ఒకప్పుడు ప్రమాదం అంచుదాకా వెళ్ళినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది వెనక చక్రాలతో నడిచే పాత రెండు సీట్ల కారు. కొన్నేళ్ళ క్రితం దానికి నాలుగు వైపులా గట్టి స్ప్రింగులు వేయించి, వెనక ఉన్న బార్ తీసేసి దానికన్నా లావైనది బిగించాను. పొడి రోడ్డు మీద అద్భుతంగా అనిపించింది. మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు లోపలి వైపు వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతున్నా, అది ఇంజిన్ బలమేననుకుని సంబరపడ్డాను. ఆ తర్వాత ఒక వాన రోజున, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనక భాగం జారి, కారు రోడ్డుకు అడ్డంగా తిరిగి నిలబడింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం వల్ల ఇవాళ ఈ విషయం రాయగలుగుతున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి ఎంత మారుతుందన్నది ప్రధానంగా కారు గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపు తిరిగే వేగం నిర్ణయిస్తాయి. బార్ ఎంత లావైనా ఆ మొత్తాన్ని తగ్గించలేదు. అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది మాత్రమే మార్చగలదు. టైరు మీద బరువు రెట్టింపైనంత మాత్రాన దాని పట్టు రెట్టింపు కాదు కాబట్టి, ఏ ఇరుసు ఎక్కువ బరువు మార్పిడిని మోస్తుందో ఆ ఇరుసు ముందుగా పట్టు వదులుతుంది. ముందు బార్ గట్టిపడితే కారు స్టీరింగ్‌కు లొంగక నేరుగా పోజూస్తుంది. వెనక బార్ గట్టిపడితే నా కారులాగా వెనక భాగం తిరిగిపోతుంది.

పైగా బార్ లావులో చిన్న తేడా కూడా చాలా పెద్ద మార్పు తెస్తుంది. దాని గట్టిదనం బార్ అడ్డుకొలత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 19 మిల్లీమీటర్ల బార్ తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే పెరిగేది మూడు మిల్లీమీటర్లే గదా అనిపిస్తుంది గానీ, గట్టిదనం దాదాపు 80 శాతం పెరుగుతుంది. మీ వ్యాసంలో ‘ఒక సైజు పెంచండి’ అని తేలిగ్గా అనేసిన మాట వెనక ఇంత ఉంది. బార్ చివర లింకు (బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ) తగిలించడానికి రెండు మూడు రంధ్రాలున్న రకం కొనుక్కుంటే, లింకు జరిపిన కొద్దీ గట్టిదనం మారుతుంది కాబట్టి పొరపాటును దిద్దుకునే వీలుంటుంది.

స్ప్రింగుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే కేటలాగులో రాసిన రేటు, అంటే స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో చెప్పే అంకె, చక్రానికి యథాతథంగా చేరదు. స్ప్రింగు తీసి, చక్రాన్ని జాకీతో 25 మిల్లీమీటర్లు పైకి లేపి, స్ప్రింగు కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం ఎంత తగ్గిందో కొలవాలి. అది 17.5 మిల్లీమీటర్లయితే నిష్పత్తి 0.7. చక్రం దగ్గర రేటు కట్టడానికి ఈ నిష్పత్తిని వర్గం చేయాలి, అంటే 0.49. మిల్లీమీటరుకు నాలుగు కిలోల స్ప్రింగు అలాంటి కారులో చక్రం దగ్గర రెండు కిలోల స్ప్రింగులాగే పనిచేస్తుంది. ఆ మూల స్ప్రింగు మోసే బరువు 250 కిలోలనుకుంటే బాడీ సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. రోడ్డు మీద నడిపే స్పోర్ట్స్ కారుకు ఇది చక్కగా సరిపోతుంది. అదే స్ప్రింగును అదే బరువున్న స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ కలిసి చక్రం పక్కనే ఒకే నిలువు స్తంభంలా ఉండే రకం) కారుకు బిగిస్తే, అక్కడ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఊపు సెకనుకు రెండు సార్లకు చేరుతుంది. రోజూ తిరిగే కారులో అది నడుముకు శిక్షే. వేరొకరి కారులో బాగున్న అంకెను మన కారుకు తెచ్చుకోవడం ఎందుకు కుదరదో ఈ లెక్కే చెబుతుంది. పౌండ్లలో రాసిన కేటలాగు చూసేవాళ్ళు మిల్లీమీటరుకు ఒక కిలో అంటే అంగుళానికి 56 పౌండ్లని గుర్తుంచుకుంటే చాలు.

మెత్తని స్ప్రింగులంటే చిన్నచూపు తగదు. 1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలాన్ మెత్తని స్ప్రింగులతోనే మలుపుల్లో గొప్ప పేరు తెచ్చుకుంది. అలాగని నేను బార్లకు వ్యతిరేకిని కాను. ఎంజీబీ అనే మరో బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు 1974లో రబ్బరు బంపర్లు పెట్టినప్పుడు అమెరికా నిబంధనల కోసం కారును సుమారు 25 మిల్లీమీటర్లు ఎత్తు చేసి, టాప్ లేని మోడల్‌కు ముందు బార్ కూడా తీసేశారు. అది మలుపుల్లో ఎంతగా ఒరిగిందంటే, 1977 మోడల్‌కు ముందూ వెనకా బార్లు బిగించక తప్పలేదు. ముందు స్ట్రట్లున్న కార్లలోనూ ఒరుగు ఎక్కువైతే బయటి టైరు అంచు మీదికి వాలిపోతుంది కాబట్టి, అక్కడ కాస్త లావు ముందు బార్ ముందు చక్రాల పట్టును పెంచిన సందర్భాలూ ఉన్నాయి. ఏ కారుకు ఏది అవసరమో దాని సస్పెన్షన్ నిర్మాణాన్ని బట్టి ఆలోచించాలి.

వ్యాసంలో అసలు ప్రస్తావించనిది స్ప్రింగు కదలడానికి మిగిలే దూరం. కారును కిందికి దించితే చక్రం పైకి కదిలే చోటు తగ్గి, షాక్ అబ్జార్బర్ బంప్ స్టాప్‌కు (కదలికను చివర్లో ఆపే రబ్బరు దిమ్మకు) గుద్దుకుంటుంది. ఆ క్షణంలో ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి షాక్ కడ్డీ చుట్టూ ఒక సన్నటి ప్లాస్టిక్ టై బిగించి, సిలిండర్ అంచుదాకా దించి, మామూలుగా వెళ్ళే దారిలో కారు నడిపి చూడాలి. నా కారులో వెనక టై నేరుగా బంప్ స్టాప్ దగ్గర నలిగిపోయి కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాకే, ఆ వాన రోజున వెనక చక్రాలు పట్టు వదలడంలో బార్‌తో పాటు దీని పాత్ర కూడా ఉండి ఉండాలని అర్థమైంది. స్ప్రింగు గట్టిపడితే దాన్ని అదుపు చేసే షాక్ కూడా మారాలి, పాత షాకులతో పని జరగదు. స్ప్రింగు చుట్లు కోయించి కారును దించడం మాత్రం ఎవరూ చేయకూడదు.

కొత్త భాగాలకన్నా ముందు పాతవాటిని పరీక్షించుకోవాలి. పాత స్ప్రింగు మెత్తబడిందని చాలామంది అంటారు. తుప్పు పట్టి తీగ సన్నబడితే తప్ప ఉక్కు స్ప్రింగు రేటు అంతగా మారదు, దాని ఎత్తు మాత్రమే కుంగుతుంది. సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు గట్టిపడి పగిలితే వాటిని మార్చేసరికి నా కారు స్వభావం సగం కుదురుకుంది. బార్ బిగించే బ్రాకెట్ చోట ఛాసిస్‌కు తుప్పు ఉంటే, లావు బార్ దాన్ని పీకేస్తుంది. ఇప్పుడు నా కారుకు ఒక మోస్తరు స్ప్రింగులు, వాటికి తగిన షాకులు, కంపెనీ ఇచ్చిన వెనక బార్, ముందు మాత్రం ఒక సైజు లావు బార్ ఉన్నాయి. స్ప్రింగులు కుదిరాకే బార్ జోలికి వెళ్ళాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, అదే దారిలో అదే టైరు గాలితో నడిపి చూసి నిర్ణయించుకున్నాను. మలుపులో కారు కొంచెం ఒరుగుతుంది, కానీ తడి రోడ్డు మీద చెప్పినట్టు వింటుంది.

ఈ శీర్షికలో ముందు ముందు రాసేవారు కారు బరువు, చక్రం దగ్గర రేటు, సస్పెన్షన్ కదలికకు మిగిలే దూరం కూడా తెలియజేస్తూ సలహాలివ్వాలని, ఇప్పటికే వచ్చిన వ్యాసానికి ఈ మేరకు ఒక సవరణ ప్రచురించాలని కోరుతున్నాను. ఆ వ్యాసం చదివి ఈ వారాంతంలోనే లావు బార్ బిగించడానికి సిద్ధమయ్యే పాఠకులు తప్పకుండా ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు