వయోవృద్ధుల సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల వివరాలు ఇవి. జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయ్యాక విడిగా అందుతుంది.

"ఈ వయసులో ఇంతేలే" అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకునే బాధల్లో సరిచేయదగ్గవే ఎక్కువన్నది మా నమ్మకం. ఆ దృష్టితోనే ఈ ఏడాది పనులు ఎంచుకున్నాం. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవారు 8.6 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది కూడా పిల్లలు తగ్గి పెద్దవాళ్లే మిగులుతారన్న భయంతోనే. ఆ ఒకరిద్దరు పిల్లలూ హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటున్నారు. అందుకే పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇళ్లతో పని మొదలుపెట్టాం.

బాత్రూమ్‌లు, పడిపోవడాలు

ఎక్కువ శ్రమ పెట్టింది దీనిమీదే. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ బాగా జరిగినా మళ్లీ మునుపటిలా నడవలేనివారు చాలామంది. తడి నేల, రాత్రి చీకటి, లేవగానే కళ్లు తిరగడం ఒకచోట కలిసేది బాత్రూమ్‌లోనే.

కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు పెట్టించాలి. కమ్మీ 32 నుంచి 38 మిల్లీమీటర్ల లావుంటే పిడికిలి చక్కగా బిగుస్తుంది. గోడకూ కమ్మీకీ మధ్య సుమారు 40 మిల్లీమీటర్ల సందు చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే పట్టు జారినప్పుడు ముంజేయి ఆ సందులో ఇరుక్కుంటుంది. టైల్స్ పగలకుండా ముందు టైల్ బిట్‌తో, డ్రిల్లు హ్యామర్ మోడ్ (సుత్తిలా కొట్టే పద్ధతి) ఆపి రంధ్రం చేయించండి. ఇటుక తగిలాక హ్యామర్ పెట్టవచ్చు. స్క్రూ ప్లాస్టరింగులోనే ఆగిపోతే బరువు పడ్డ రోజున కమ్మీ ఊడి చేతికొస్తుంది. ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులే వాడాలి. లైట్‌వెయిట్ ఇటుకల గోడలకు మామూలు ప్లగ్గులు నిలవవు, వాటికి కెమికల్ యాంకర్ (రంధ్రంలో రసాయన జిగురుతో బిగిసే బోల్టు) అడగండి. బిగించాక బరువైన మనిషి ఒకరు గట్టిగా లాగి చూడాలి. గోడకు గాలితో అతుక్కునే రబ్బరు హ్యాండిళ్లను, తువ్వాలు ఆరేసే రాడ్డును ఎవరూ నమ్మకండి.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిన మనిషే దానికి అడ్డుపడి సాయానికి వచ్చినవాళ్లు లోపలికి వెళ్లలేరు. తలుపును బయటికి తిప్పించండి. అది కుదరకపోతే బయటినుంచి తీయగల గడియైనా పెట్టించండి. అరిగి నున్నబడిన హవాయి చెప్పులు తక్షణం పారేయాలి.

కళ్లు తిరగడం సంగతి. నెలవారీ బీపీ శిబిరంలో కూర్చోబెట్టి ఒకసారి చూసి పంపే పద్ధతి మానేశాం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన నిమిషానికి, మూడు నిమిషాలకు మరోసారి చూస్తున్నాం. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే చీటీ రాసి డాక్టరు దగ్గరికి పంపుతున్నాం. బీపీ మందులు, నీరు పోయే మాత్రలు, ప్రోస్టేటుకు వాడే టాంసులోసిన్ లాంటివి తరచూ దీనికి కారణమవుతాయి. ఈలోగా మాత్రలు సొంతంగా ఆపకూడదు. మంచం మీద లేచి కూర్చుని, కాళ్లు కాసేపు ఆడించి, అప్పుడు నిలబడాలి.

కాళ్ల సత్తువ

చేతులు గుండెమీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూశాం. 70–74 ఏళ్ల మగవారు 12 కంటే, ఆడవారు 10 కంటే తక్కువసార్లు లేస్తే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. రోజూ అదే కుర్చీ వ్యాయామం చేయడం, దానికి తగ్గ తిండి తినడం, రెండూ జరిగితేనే కండ నిలుస్తుంది. పళ్లు లేవని మెత్తటి అన్నం, చారు, మజ్జిగతో గడిపేవారికి మాంసకృత్తులు చాలవు. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము లక్ష్యంగా పెట్టుకోవాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, 30 గ్రాముల పప్పులో ఏడు గ్రాములు ఉంటాయి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి. కట్టుడు పళ్లు సరిగా కూర్చోకపోతే ముందు అవి సరిచేయించుకోండి, తిండి దానంతటదే మారుతుంది.

మందుల సంచి

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆయుర్వేదంతో సహా, ఒక సంచిలో వేసుకు రమ్మన్నాం. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇద్దరు డాక్టర్లు రాయడం ఇలాంటి సంచుల్లో మామూలుగా బయటపడే సంగతి. వయసుతో కిడ్నీ వేగం తగ్గుతుంది కనుక మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. షుగరుకు వాడే గ్లిబెంక్లమైడ్ పెద్దవారిలో రాత్రిపూట షుగరు ప్రమాదకరంగా పడిపోయేలా చేయగలదు. జలుబుకు షాపులో కొనుక్కునే క్లోర్‌ఫెనిరమైన్ వల్ల మగత, మాటల్లో తికమక, మూత్రం బిగుసుకుపోవడం రావచ్చు. నొప్పులకు డైక్లోఫెనాక్ వారాల తరబడి వేసుకుంటే కిడ్నీకి చేటు.

ఒక్కరోజులో మతి తప్పినట్టు మాట్లాడితే దాన్ని ముసలితనం ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఎండాకాలంలో నీరు చాలకపోవడం, కొత్త మందు, తరచూ ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాగితాలు, హక్కులు

70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి వచ్చింది. ఏడాదికి ఐదు లక్షలు కుటుంబానికి గానీ మనిషికి కాదు. భార్యాభర్తలిద్దరూ 70 దాటినా ఆ మొత్తాన్నే పంచుకోవాలి. అడ్మిట్ అయితేనే వర్తిస్తుంది, ఓపీ ఖర్చులకు పనికిరాదు. ఆసుపత్రికి పథకంలో చోటున్నా మీకు కావలసిన విభాగానికి ఉందో లేదో ముందే అడగండి.

ఆస్తి రాసివ్వడం గురించి గట్టిగా చెప్పక తప్పదు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుమీద చేసిన ఆస్తి బదిలీని, చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు లేకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పు వచ్చింది. తీర్పుల మీద ఆధారపడే అవస్థ తెచ్చుకోకండి. "తిండి, వైద్యం, నివాసం చూడవలెను" అన్న మాట దస్తావేజులోనే రాయించండి, లేదా వీలునామాతో సరిపెట్టండి. రాసిచ్చేయాలనే ఉంటే జీవితకాలం అనుభవించే హక్కు మీకే ఉంచుకోండి.

పోలీసులమంటూ "డిజిటల్ అరెస్ట్" చేశామని వీడియో కాల్ వస్తే పెట్టేయండి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పెద్దల మీద వేధింపులకు 14567.

వచ్చే ఏడాది

వినికిడి పరీక్షలు చేయిస్తాం. వయసుతో ముందు పోయేది సన్నటి ధ్వనులు, అందుకే స, ష, త లాంటి అక్షరాలు కలిసిపోతాయి. గట్టిగా అరిచినా ఉపయోగం ఉండదు, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడాలని ఇంట్లోవారికీ నేర్పుతాం. ఒంటరిగా ఉండేవారి తాళంచెవి ఒకటి, మందుల జాబితా, పిల్లల ఫోన్ నంబర్లు నమ్మకమైన పొరుగింట్లో ఉండేలా చూస్తాం.

పింఛనుదారు బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం నవంబరులో ఉంటుంది. 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఈపీఎస్ (ప్రావిడెంట్ ఫండ్ పింఛను) వారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఏడాదిపాటు చెల్లుతుంది. వేలిముద్రలు అరిగి పడనివారికి ఫోన్‌లో ముఖం చూపే పద్ధతి వాడతాం: వెలుతురు ముఖం మీద పడాలి, వెనకనుంచి రాకూడదు. పీపీవో (పింఛను మంజూరు పత్రం) నంబరుగానీ, పింఛను ఇచ్చే సంస్థ పేరుగానీ తప్పుగా ఎంచుకున్నా ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) వచ్చేస్తుంది, తర్వాత అక్కడ తిరస్కరిస్తారు. కాబట్టి పీపీవో, బ్యాంకు పుస్తకం, ఆధార్, ఆధార్‌కు జతచేసిన ఫోన్ వెంట తెచ్చుకోండి. మంచం మీద ఉన్నవారి పేర్లు అక్టోబరులోనే కార్యదర్శికి ఇస్తే ఇంటికే వస్తాం.