తీసేసిన ఆ పది నిమిషాలు పారేయకు

తెనాలి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడినంతసేపూ ఊ కొట్టాను తప్ప ఏమీ అనలేకపోయాను. 22 నిమిషాల నీ సినిమాని 12కి కుదించమని మీ కాలేజీవాళ్లు అన్నారనీ, కుదించి ఇచ్చేశాక మిగతాదంతా డిలీట్ చేసి పారేస్తాననీ అన్నావు. ఏడుపు ఆపుకుంటున్నావని నీ గొంతులోనే తెలిసింది. నాకు సమయానికి మాట అందదు, నీకు తెలుసుగా. అందుకే రాస్తున్నాను. డిలీట్ మాత్రం చేయకు తల్లీ. ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా అయినా ఆగు.

నువ్వు చూడమన్న 'ది వికర్ మ్యాన్' చూశాను. తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటూ దీవికి వెళ్లిన పోలీసాయన్నే చివరికి ఊరంతా కలిసి, పుల్లలతో అల్లిన పెద్ద మనిషి బొమ్మలో పెట్టి తగలబెట్టి బలిచ్చేస్తే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దయ్యం లేదు, చీకటి లేదు. పట్టపగలు, పాటలు పాడుకుంటూ చేశారు. తర్వాత ఆ సినిమా తీసినవాళ్ల ఇంటర్వ్యూలు నాలుగు రాత్రులు కూర్చుని చూశాను. ఇంగ్లీషు అందని చోట తమ్ముడు ఆపి ఆపి చెప్పాడు. డైరెక్టర్ రాబిన్ హార్డీ, దీవి దొరగా వేసిన క్రిస్టఫర్ లీ, పోలీసుగా వేసిన ఎడ్వర్డ్ ఉడ్‌వర్డ్, ముగ్గురూ ముసలివాళ్లయ్యాక మాట్లాడారు. ఇప్పుడు ముగ్గురూ లేరు.

కథ మే నెల పండగ చుట్టూ నడుస్తుంది. షూటింగ్ మాత్రం 1972 అక్టోబర్, నవంబర్‌లో, నువ్వు ఉంటున్న చోటుకి దక్షిణంగా ఉన్న ఆ స్కాట్లాండ్ తీరం ఊళ్లలో. చెట్లకి ఆకు ఉండదు, వసంతం కనిపించాలి! ఉత్తుత్తి పూలు తెచ్చి కొమ్మలకి కట్టారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తుందని షాట్‌కి ముందు ఐసు ముక్కలు నోట్లో పెట్టుకునేవారట. ఆ చలిలో! పబ్బు లోపలి సీన్లు క్రీటౌన్‌లోని ఒక హోటల్లో తీశారు, బయటి ముఖం గేట్‌హౌస్ ఆఫ్ ఫ్లీట్‌లో. మనం చూసేటప్పుడు మాత్రం ఒకే తలుపులోంచి లోపలికి వెళ్లినట్టే ఉంటుంది. ఇక బరో హెడ్ కొండకొమ్ము మీద ఆ చివరి సీను. ఉడ్‌వర్డ్ ఒంటిమీద పల్చటి తెల్ల చొక్కా, కాళ్లకి చెప్పుల్లేవు. ఆ పొడుగాటి డైలాగులు గుర్తుండక, పెద్ద పెద్ద గుడ్డల మీద రాయించి ఎదురుగా కట్టించుకుని చదివానని ఆయనే చెప్పాడు. మంటల్లో ఆ బొమ్మ తల విరిగిపడి, వెనక అస్తమిస్తున్న సూర్యుడు కనబడే షాట్ ఉంది చూడు. ఆ సూర్యుణ్ణి ఏ డబ్బూ తీసుకురాలేదు. వాళ్లు కెమెరాతో కాచుకుని ఉన్నారు, ఆయన వచ్చాడు.

అంత కష్టపడి తీసిన సినిమా పూర్తయ్యేసరికి, దాన్ని తీయించిన బ్రిటిష్ లయన్ కంపెనీలో యాజమాన్యం మారిపోయింది. కొత్తవాళ్లకి సినిమా మీద నమ్మకం లేదు. సుమారు 99 నిమిషాలున్నదాన్ని 87కి దించి, నికొలస్ రోగ్ సినిమా ఒకదానికి జతగా, రెండో సినిమాగా వదిలారు. నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్. 12 నిమిషాలంటే 1080 అడుగులు, అంటే ఒక రీలు మొత్తం పోయినట్టు. దీవిలో రెండు రాత్రులు జరిగిన కథ ఒక్క రాత్రి అయిపోయింది. రాత్రిపూట దొర ఒక కుర్రాణ్ణి పబ్బు కిటికీ కిందికి తీసుకొస్తాడు, కింద జనం మెల్లగా పాట అందుకుంటారు, ఆకు మీద నత్తలు పాకుతుంటాయి, పై గదిలో పోలీసాయన మోకరిల్లి ప్రార్థన చేసుకుంటుంటాడు. ఆ సీను మొత్తం ఎగిరిపోయింది. పొట్టి ప్రింటే బిగువుగా ఉందని కొందరంటారని నువ్వు చెప్పావు. నేను ఒప్పుకోను. ఆ మొదటి రాత్రి ఉంటేనే రెండో రాత్రి పోలీసాయన మనసు చలించడానికి అర్థం ఉంది. పైగా లీ ఈ సినిమాకి ఒక్క పైసా తీసుకోలేదు. తన సినిమాలన్నిట్లో ఇదే గొప్పదని చివరిదాకా చెప్పాడు. ఆ కోతల గురించి మాట్లాడేటప్పుడు, ముప్పై ఏళ్ల తర్వాత కూడా, ఆయన గొంతులో కోపం చల్లారలేదు.

అది వింటుంటే నా చేతులకేసి చూసుకున్నాను బుజ్జమ్మా. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో సెకండ్ షో ఆలస్యమైతే పల్లెల జనానికి ఆఖరి బస్సు దొరికేది కాదు. ఓనరు పైకి వచ్చి "ఒక పాట ఎత్తెయ్" అనేవాడు. ఎత్తేసేవాణ్ణి. రెండు కొసలూ బ్లేడుతో గీకి, ఫిల్మ్ అతికించే సిమెంటు రాసి, వేలితో నొక్కి పట్టుకుని పది లెక్కపెడితే అతుకు పడేది. తీసిన ముక్కని చుట్టి హార్లిక్స్ సీసాలో పెట్టేవాణ్ణి, ప్రింటు వెనక్కి పంపేముందు మళ్లీ అతికించాలి కాబట్టి. ఒకసారి తెల్లవారుజామున తొందరపెడితే బాక్సులు బస్సు మీదికి ఎక్కించేశాను. సాయంత్రం చూసుకుంటే సీసాలో ముక్క అలాగే ఉంది. తల్లీకొడుకుల సీను, రెండు నిమిషాలుంటుంది. ఆ ప్రింటు తర్వాత ఏ ఊళ్లు తిరిగిందో, ఎంతమంది ఆ సీను లేకుండా చూశారో! కొన్నేళ్లు దాచాను. చివరికి పుల్లటి వాసన వేసి, ముడుచుకుపోయి, చేతిలోనే విరిగిపోయింది.

వాళ్ల ముక్కలకీ అదే గతి పట్టేది. కొన్నేళ్లకి హార్డీ అసలు నెగటివ్ కోసం వెతికితే దొరకలేదు. డబ్బాలన్నీ ఇంగ్లండ్‌లోని ఎం3 హైవే కింద పూడ్చేశారని ఒక కథ చెప్పుకుంటారు. అయితే కోతలకి ముందు అమెరికాలో సినిమాలు తీసే రోజర్ కోర్మన్‌కి ఒక ప్రింటు పంపారు. ఆయన దగ్గర అది భద్రంగా ఉంది. పోయిన సీన్లు మళ్లీ మనుషుల కంటపడ్డాయంటే ఆ ఒక్క ప్రింటు వల్లే. 2013లో హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికిన ఇంకో ప్రింటు నుంచి హార్డీ ఒప్పుకున్న రూపాన్ని మళ్లీ విడుదల చేశారు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ఉడ్‌వర్డ్ 2009లోనే పోయాడు. కథ రాసిన ఆంథనీ షాఫర్ 2001లోనే పోయాడు.

ఆ పన్నెండు నిమిషాలది వాళ్లు అడిగినట్టే ఇవ్వు. మార్కులు వాళ్లవి. కానీ లాండ్రీలో ఆ ముసలావిడ దుప్పటి మడతపెట్టే సీను ఉందే, మాట లేకుండా నాలుగు నిమిషాలు, రెండో కొస పట్టుకునే మనిషి లేక గడ్డం కింద నొక్కి పెట్టుకుంటుంది చూడు, అది నువ్వు వాట్సాప్‌లో పంపితే మీ అమ్మ రెండుసార్లు చూసి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అది నువ్వు తీసింది. దాన్ని చెరిపే హక్కు కోపంలో ఉన్న నీకు కూడా లేదు.

రేపే రెండు హార్డ్ డిస్కులు కొను, డబ్బు పంపాను. రషెస్‌తో, అంటే ఎడిట్ చేయకముందు నువ్వు తీసినదంతటితో సహా మొత్తం రెండిట్లోకీ ఎక్కించు. ఒకటి నీ దగ్గర ఉంచి, రెండోది సంక్రాంతికి వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకిచ్చి పంపు. బీరువాలో నీ టెన్త్ సర్టిఫికెట్ల పక్కన చోటు చేసి ఉంచాను. మీద తేదీ, సినిమా పేరు, నిడివి 22 నిమిషాలని స్పష్టంగా రాయి.

ప్రేమతో,
నాన్న